ఫ్లాక్

ఫ్లాక్ అనునది ఆంగ్లభాషయందు తీవ్రమును బహుముఖమును అగు నిందావిమర్శకు వాడుకలో నున్న లౌకికపదము. ఒక వ్యక్తిగాని, సంస్థగాని, ప్రభుత్వముగాని చేసిన పనికో ఆడిన మాటకో అనేకులు ఒక్కసారిగా నలుదిక్కులనుండి అభ్యంతరము తెలుపునపుడు, ఆ అభ్యంతరముల మొత్తమునకు ఈ పేరు చెల్లును. న్యాయస్థానముల తీర్పులలోను, శాసనసభల తీర్మానములలోను, పండితుల గ్రంథసమీక్షలలోను ఈ పదము సాధారణముగా కానరాదు. పత్రికల శీర్షికలయందును, కార్యాలయముల మాటామంతియందును, రాజకీయవార్తలయందును దీని సంచారము మెండు. భారతదేశమున వెలువడు ఆంగ్లపత్రికలను చదువు తెలుగువారికి ఇది నిత్యపరిచితమే. అయినను దీనిని కేవలము ‘విమర్శ’ అను మాటకు పర్యాయముగా గ్రహించినచో దీని అసలు స్వభావము మరుగునపడును. విమర్శ యనగా ఒక వస్తువును పరిశీలించి గుణదోషములను వేరుచేయు బుద్ధివ్యాపారము. ఫ్లాక్ అనగా ఒకని మీదికి వచ్చిపడు ఆక్షేపణల రాశి, వాని ఉద్ధృతి. ఆ ఆక్షేపణలు న్యాయమైనవో కావో ఈ పదము చెప్పదు, చెప్పుటకు పూనుకొనదు. ఈ భేదము దాని జన్మకథలోనే ఇమిడియున్నది కావున ఆ కథను కొంత విపులముగా తెలిసికొనవలసియున్నది.

ఇది జర్మను భాషనుండి వచ్చిన సంక్షిప్తపదము. ‘ఫ్లీగర్’ అనగా వైమానికుడు, ‘అబ్‌వేర్’ అనగా నివారణము, ‘కనోనె’ అనగా ఫిరంగి. ఈ మూడింటిని చేర్చి జర్మనులు ‘ఫ్లీగర్‌అబ్‌వేర్‌కనోనె’ అను దీర్ఘసమాసమును కల్పించుకొని, సైనికుల నాలుకకు అది భారమగుటచే మొదటి పదమునుండి ‘ఫ్ల్’, రెండవదానినుండి ‘అ’, మూడవదానినుండి ‘క్’ గ్రహించి ‘ఫ్లాక్’ అని పిలుచుకొనిరి. ఆకసమున నున్న శత్రువును నేలనుండి కొట్టవలెనను యత్నము మాత్రము విమానముకంటె ప్రాచీనమైనది. 1870లో జర్మను సేనలు పారిస్ నగరమును ముట్టడించినపుడు ఫ్రెంచివారు పొగగుమ్మటములలో ఉత్తరములను, మనుష్యులను నగరము వెలుపలికి పంపుచుండగా, వానిని కూల్చుటకు జర్మనీలోని క్రుప్ ఆయుధసంస్థవారు బండిపై నమర్చిన చిన్న ఫిరంగిని తయారుచేసిరి. మొదటి ప్రపంచయుద్ధమున గుమ్మటముల స్థానమును విమానములు ఆక్రమించుటతో ఈ ఆయుధజాతి వృద్ధిపొందెను. ఆ యుద్ధానంతరము 1919లో కుదిరిన వెర్సాయి సంధి జర్మనీకి వాయుసేనను నిషేధించి, ఇట్టి ఫిరంగులపై కఠిననిర్బంధములు విధించెను. కాని క్రుప్ సంస్థ యంత్రనిర్మాతలు స్వీడన్ దేశములోని బోఫోర్స్ సంస్థతో సంబంధము పెట్టుకొని తమ పరిశ్రమను సాగించిరి. దాని ఫలితమే 8.8 సెంటీమీటర్ల గొట్టము గల ‘ఫ్లాక్ 18’. 1933లో దీని తయారీ ఊపందుకొనునాటికి హిట్లరు అధికారమునకు వచ్చియుండెను. ఈ ఫిరంగి స్పెయిన్ అంతర్యుద్ధమునందు అనుభవము గడించెను; ఇదియు దీని తరువాతి రూపమగు ‘ఫ్లాక్ 36’ యును రెండవ ప్రపంచయుద్ధమున జర్మనుల నగరరక్షణకు ప్రధానాధారములయ్యెను.

ఆ ఫిరంగి పని చేయు తీరును గమనించినవారికి ఈ పదము విమర్శార్థమునకు ఎట్లు ఒదిగినదో విశదమగును. దాని గుండు సుమారు 9 కిలోగ్రాముల బరువుండెడిది. నిమిషమునకు 15 మొదలు 20 వరకు గుండ్లను అది పేల్చగలిగెడిది. గుండు తిన్నగా పోయి విమానమును తాకవలసిన పని లేదు. గుండు ముక్కునందు గడియారపు యంత్రము వంటి కాలనియామకము ఉండును. విమానము ఎంత ఎత్తున, ఎంత వేగముతో వచ్చుచున్నదో గణకయంత్రముతో లెక్కకట్టి, ఇన్ని సెకనులకు పేలవలెనని నిర్ణయించి, పిదప గుండును గొట్టమున కెక్కించెడివారు. అది నియమితక్షణమున ఆకసమున పగిలి, నల్లని పొగముద్దను వదలి, ఉక్కుతునకలను అన్ని వైపులకు చిమ్మును. ఎనిమిది కిలోమీటర్ల ఎత్తునకు చేరుటకు గుండునకు 20 సెకనులకు పైగా పట్టును. ఆ వ్యవధిలో బాంబర్ విమానము ఒకటిన్నర కిలోమీటరునకు మించి ముందుకు సాగిపోవును. కావున ఫిరంగిదళమువారు విమానమునకు కాక, అది రానున్న చోటునకు గురిపెట్టెడివారు. మబ్బులచేతనో రాత్రిచేతనో విమానము కానరానపుడు, ఆకసమున ఒక చతురస్రప్రదేశమును ఊహించి, దళములోని ఫిరంగులన్నియు ఆ ప్రదేశముననే గుండ్లు పగులునట్లు ఎడతెగక కాల్చెడివారు. ఏ తునక ఎవనికి తగులునో పేల్చినవానికి తెలియదు. 1944 నాటి స్థితిని గూర్చిన ఒక ప్రసిద్ధమైన లెక్క ప్రకారము ఒక్క విమానమును కూల్చుటకు ఇట్టి ఫిరంగులు సగటున 16,000 గుండ్లను వెచ్చించినవి. అనగా ఒక్కొక్క విమానమునకు దాదాపు 144 టన్నుల గుండ్లు. గురికంటె రాశి మిన్నయగుట ఈ ఆయుధము లక్షణము. ఆ లక్షణమే తరువాత దాని పేరుతోపాటు విమర్శార్థమునకు సంక్రమించెను.

ఆ గుండ్ల నడుమ నెగిరినవారి అనుభవము వేరు. ఇంగ్లండునుండి పగటివేళ జర్మనీపైకి పోయిన అమెరికన్ ఎనిమిదవ వాయుసేనలోని బి-17 విమానములందు సాధారణముగా పదిమంది ఉండెడివారు. లక్ష్యమునకు కొంతదూరమున ‘ఆరంభస్థానము’ అను ఒక గుర్తును నిర్ణయించుకొని, అక్కడనుండి బాంబులు జారవిడుచువరకు విమానమును ఒకే ఎత్తున, ఒకే వేగముతో, ఒకే దిశగా నడపవలసియుండెను. లేనిచో నార్డెన్ గురియంత్రపు గణితము తప్పిపోవును. ఆ కొలది నిమిషములును విమానచోదకుడు పక్కకు తొలగుటకు వీలులేదు. ఎదుట నల్లని పొగముద్దలు లేచుచుండగా వానిలోనికే నేరుగా చొచ్చిపోవలెను. యుద్ధవిమానములు వెంటబడినచో తుపాకులతో ఎదుర్కొనవచ్చును. ఫ్లాక్‌ను ఎదుర్కొనుటకు ఆయుధము లేదు, సహించుటయే గతి. ఆ వాయుసేనకు ప్రధానవైద్యుడైన మాల్కమ్ గ్రో, గాయపడినవారిని పరీక్షించి, అత్యధికగాయములు మందవేగముతో తగిలిన తునకలవలననే కలుగుచున్నవని గుర్తించి, మాంగనీసు ఉక్కు రేకులతో కవచమును రూపొందింపజేసెను. దానిని మొదట తయారుచేసినది కత్తులకు పేరుపొందిన బ్రిటిషు సంస్థ విల్కిన్‌సన్. ‘ఫ్లాక్ జాకెట్’ అని నేటికిని యుద్ధవార్తలలో వినవచ్చు మాట నాటిదే.

నేలమీద నున్నవారికి సయితము ఈ పదము బ్రతుకులో భాగమయ్యెను. బెర్లిన్, హాంబర్గ్, వియన్నా నగరములలో దట్టమైన కాంక్రీటుగోడలతో ఫ్లాక్ బురుజులు లేచినవి. పైన ఫిరంగులు, లోపల వేలాది పౌరులకు ఆశ్రయము. వియన్నాలోని ఎస్టర్‌హాజీ ఉద్యానమందలి బురుజు నేడు జలచరప్రదర్శనశాల. 1943 ఫిబ్రవరినుండి 1926, 1927 సంవత్సరములలో పుట్టిన పాఠశాల విద్యార్థులను ఈ ఫిరంగులకు సహాయకులుగా పంపిరి. అనంతరకాలమున పదహారవ బెనెడిక్ట్ పోపుగా ప్రసిద్ధుడైన యోసెఫ్ రాట్‌సింగర్ వారిలో ఒకడు. పదునారేండ్ల బాలురు పుస్తకములు పక్కనబెట్టి గుండ్లు మోసిన ఆ తరమునకు జర్మనీలో ‘ఫ్లాక్‌హెల్ఫర్ తరము’ అను పేరు నిలిచిపోయినది.

ఆంగ్లేయులకు ఈ వస్తువునకు సొంతపేర్లు లేకపోలేదు. మొదటి యుద్ధమున బ్రిటిషు వైమానికులు శత్రువుల విమాననిరోధక కాల్పులను ‘ఆర్చీ’ అని పిలిచెడివారు. తరువాత సైనిక సంకేతభాషలో ‘ఎ’ అక్షరమునకు ‘ఆక్’ అను ఉచ్చారణ యుండుటచే, విమాననిరోధక ఫిరంగికి ‘ఆక్-ఆక్’ అను పేరు వచ్చెను. ‘ఫ్లాక్’ ఆంగ్లరచనలలో 1938 నాటికి కనబడుచున్నది. యుద్ధకాలమున ఒక సూక్ష్మభేదము ఏర్పడెను: తమ నగరములను రక్షించు ఫిరంగులను ఆంగ్లేయులు ‘ఆక్-ఆక్’ అనియే పిలిచిరి, తమ విమానములపైకి ఎదుటివారు పేల్చునది మాత్రమే ‘ఫ్లాక్’. అనగా జర్మనుభాషలో ఆయుధమునకు పేరైన ఈ పదము, ఆంగ్లమున ఆ ఆయుధమునకు గురియగువాని పక్షమునుండి చూచిన దృశ్యమునకు పేరయ్యెను. పేల్చువాడు తాను ఫ్లాక్ పేల్చుచున్నానని చెప్పుకొనడు. పడుచున్నవాడు తనపై ఫ్లాక్ వచ్చినదని చెప్పుకొనును. నేటి విమర్శార్థమున గూడ ఈ దృష్టి చెక్కుచెదరలేదు.

విమర్శార్థము అమెరికాలో 1960ల దశకపు తొలినాళ్లలో స్థిరపడెను. అప్పటికి యుద్ధమునుండి తిరిగివచ్చిన తరమువారు నడివయసులో ప్రవేశించి, పత్రికలను, వ్యాపారసంస్థలను, ప్రభుత్వశాఖలను నడపుచుండిరి. వారి వాడుకలో యుద్ధపదములు శాంతికాలపు పనులకు అన్వయింపబడుట సహజము. ఆ దశకాంతమునకు ఈ పదము సాహిత్యప్రతిష్ఠ గూడ పొందెను. 1970లో అమెరికన్ రచయిత టామ్ వుల్ఫ్ ప్రకటించిన పుస్తకములోని రెండవ వ్యాసపు శీర్షికయందు ‘ఫ్లాక్ క్యాచర్లు’ అను మాట కలదు. సాన్‌ఫ్రాన్సిస్కో నగరమున పేదరికనిర్మూలన పథకముల కార్యాలయములకు, తమకు రావలసిన ఉద్యోగములను కోరుచు గుంపులుగా వచ్చు బీదలకును, వారి కెదురుపడు చిరుద్యోగికిని నడుమ జరుగు వ్యవహారమును ఆయన అందు వర్ణించెను. నిర్ణయము చేయు పెద్ద ఎదుటికి రాడు. వచ్చినవారి కోపమంతయు ఎదుట కూర్చున్న చిన్నవానిమీద పడును. అతనికి ఇచ్చుటకు అధికారము లేదు, లేచిపోవుటకు స్వాతంత్ర్యము లేదు. ఇట్టి ఉద్యోగికి ‘ఫ్లాక్ క్యాచర్’ అను పేరు నాటినుండి ఆంగ్లమున నిలిచినది. ఇది మన కార్యాలయములకును క్రొత్త కాదు: పింఛను రాలేదని వచ్చిన వృద్ధురాలి ఆక్రోశమును వినవలసినవాడు కిటికీ వెనుక గుమాస్తాయే గాని, దస్త్రమును ఆపినవాడు కాడు. ఫ్లాక్ అను మాటకు గల ఒక విషాదార్థము ఇక్కడ స్పష్టమగుచున్నది. అది పడవలసినవానిమీదనే పడునన్న నియమము లేదు.

ఈ పదము సూచించు సంగతికి లక్షణోదాహరణముగా కోకా-కోలా సంస్థ చరిత్రను చెప్పుకొనవచ్చును. 1985 ఏప్రిల్ 23న ఆ సంస్థవారు 99 సంవత్సరముల నాటి తమ పానీయపు పాకమును మార్చి, క్రొత్తదానిని విడుదల చేసిరి. ఇది తొందరపాటుతో చేసిన పని కాదు. దాదాపు 2 లక్షలమందికి రెండు రుచులను పేర్లు చెప్పక చూపించి, ఎక్కువమంది క్రొత్తదానినే మెచ్చుకొనుట గమనించి, శాస్త్రీయముగా నిర్ధారణ చేసికొని దిగిన కార్యము. కాని విడుదలైన కొలదివారములకే ఫిర్యాదులు ముంచెత్తినవి. అట్లాంటాలోని ప్రధానకార్యాలయమునకు అంతకుముందు దినమునకు 400 ఫోనులు వచ్చుచుండగా, జూన్ నాటికి అవి 1,500కు పెరిగినవని సంస్థవారే చెప్పిరి. ఉత్తరములు గుట్టలుగా పడినవి, నిరసనసంఘములు పుట్టినవి, క్రొత్త పానీయమును రుచి చూడనివారు సయితము తిట్టిరి. ఈ ఆక్షేపణలలో రుచివిచారము తక్కువ. తమ బాల్యముతో, తమ ఊరితో పెనవేసికొన్న వస్తువును తమ్మడుగక మార్చిరన్న నొప్పి ఎక్కువ. తుదకు జూలై 11న, అనగా 79 దినములకు, సంస్థవారు పాత పానీయమును తిరిగి తెచ్చుచున్నామని ప్రకటించిరి. తార్కికముగా చూచినచో ఆ నిరసనలో వాదమన్నది స్వల్పము. అయినను రెండులక్షలమంది నాలుకలు చెప్పని సత్యమొకటి ఆ నిరసనయే చెప్పినది. కాబట్టి ఫ్లాక్‌ను వట్టి రభసయని కొట్టివేయువారును పొరపడుచున్నారని నా అభిప్రాయము. గుంపు వాదింపలేకపోవచ్చును, గుంపునకు నొప్పి మాత్రము నిజము.

దీనికి పూర్తిగా భిన్నమైన రూపమును 1988లో ఎడ్వర్డ్ హెర్మన్, నోమ్ చోమ్‌స్కీ అను అమెరికన్ పండితులు ‘మాన్యుఫ్యాక్చరింగ్ కన్సెంట్’ అను గ్రంథమున వివరించిరి. వార్తాసంస్థలు ప్రజలకు అందించు వార్త ఐదు జల్లెడలగుండా వడబోయబడునని వారి సిద్ధాంతము: యాజమాన్యము, ప్రకటనల ఆదాయము, అధికారవర్గములపై వార్తలకై ఆధారపడుట, ఫ్లాక్, కమ్యూనిజముపట్ల వైరము. ఇందు నాలుగవదగు ఫ్లాక్ అనగా ఒక వార్తకో వ్యాఖ్యకో ప్రతికూలముగా పత్రికపైకి వచ్చు ఉత్తరములు, తంతులు, ఫోనులు, అర్జీలు, వ్యాజ్యములు, చట్టసభలలోని ప్రసంగములు, బెదరింపులు. ఇవి సామాన్యపాఠకులు తమంత తాము వ్రాసినవి కావచ్చును. ధనబలము గలవారు సంస్థలను నెలకొల్పి, పనిగట్టుకొని వ్రాయించినవియు కావచ్చును. 1969లో స్థాపింపబడిన ‘ఆక్యురసీ ఇన్ మీడియా’ అను సంఘమును వారు ఇట్టివానికి నిదర్శనముగా చూపిరి. వారి సిద్ధాంతముతో అందరును ఏకీభవింపలేదు. కాని ఫ్లాక్ తనంత తానుగా పుట్టునదే కాదు, తయారుచేయబడునది గూడ కావచ్చునని చెప్పి, ఒక లౌకికపదమునకు రాజనీతిశాస్త్రమున స్థానము కల్పించిన గౌరవము వారిది. పైన చెప్పిన పానీయపు ఫిర్యాదుదారుల ఉత్తరమును, కూలికి వ్రాసిన ఉత్తరమును తూకమున వేరు కావు. సంఖ్యను మాత్రమే లెక్కించువానికి రెండును ఒకటిగానే కనబడును.

ఫ్లాక్ పడినవారు తమకు తాము చెప్పుకొను సమాధానమొకటి ఆంగ్లమున బహుళప్రచారమున నున్నది: ఫ్లాక్ దట్టముగా వచ్చుచున్నదనిన మనము లక్ష్యముపైకి చేరితిమన్నమాట, అని. యుద్ధమున దీనికి ఆధారము లేకపోలేదు. కాపాడదగిన కర్మాగారముల చుట్టును ఫిరంగులు ఎక్కువగా ఉండుట సహజమే కదా. కాని ఈ వాక్యమును రాజకీయనాయకులు, వ్యాపారులు, వివాదాస్పదరచయితలు తమకు అన్వయించుకొని, ‘నన్ను ఇందరు తిట్టుచున్నారు కనుక నేను చెప్పినది నిజము’ అని వాదించుట తర్కవిరుద్ధము. దారితప్పి మరియొక నగరముపైకి పోయిన విమానమును గూడ ఆ నగరపు ఫిరంగులు కొట్టెడివి. కొట్టినంతమాత్రమున అది సరియైన లక్ష్యము కాలేదు. ‘ఇందరు తిట్టుచున్నారు కనుక తప్పు చేసియేయుండును’ అను ఎదుటివారి వాదమును అంతే దుర్బలము. తిట్లసంఖ్యనుండి తప్పొప్పులను నిర్ణయించుటకు పూనుకొను ఈ రెండు వాదములును ఒకే దోషమునకు రెండు ముఖములు.

ఈ సందర్భమున గణితశాస్త్రవేత్త ఏబ్రహామ్ వాల్డ్ కృషిని స్మరింపకుండ ఉండలేము. న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయమున యుద్ధకాలమున ఏర్పడిన గణాంకపరిశోధనాబృందమున ఆయన పనిచేసి, తిరిగివచ్చిన విమానములపై పడిన ఫ్లాక్ తూట్లను, తుపాకిగుండ్ల తూట్లను ఆధారముగా చేసికొని విమానములో ఏ భాగము ఎంత దుర్బలమో కనుగొను పద్ధతిని 1943లో రచించెను. తూట్లు ఎక్కువగా కనబడు భాగములకే కవచము తొడుగవలెనని సామాన్యబుద్ధికి తోచును. వాల్డ్ పద్ధతి దీనికి విపరీతమైన ఫలితమునకు దారితీయును: లెక్కించుటకు దొరికినవి తిరిగివచ్చిన విమానములే కనుక, ఆ తూట్లు ప్రాణాంతకములు కానివని తేలుచున్నది, తూట్లు కనబడని చోట్ల దెబ్బతిన్నవి తిరిగిరాలేదు. విమర్శవిషయమున గూడ ఇట్లే జరుగును. ఒక సంస్థకు వినబడు ఫిర్యాదులు దానితో ఇంకను సంబంధము నిలుపుకొన్నవారివి. మౌనముగా విడిచిపోయినవారి అభ్యంతరము ఏ లెక్కలోను చేరదు. ఈ మహామేధావి భారతప్రభుత్వాహ్వానముపై ఉపన్యాసములిచ్చుటకు మనదేశమునకు వచ్చి, 1950 డిసెంబరు 13న నీలగిరులలో జరిగిన విమానప్రమాదమున సతీసమేతముగా మరణించెను. విమానముల రక్షణకై శ్రమించినవాడు విమానమునందే ప్రాణములు కోల్పోవుట మనసును కలచివేయు సంగతి.

ఇక ప్రయోగవిషయము. ఆంగ్లవ్యాకరణరీత్యా ఇది రాశివాచకము. దీనికి బహువచనము లేదు, ‘ఒక ఫ్లాక్’, ‘రెండు ఫ్లాకులు’ అను లెక్క చెల్లదు. ‘కొంత’, ‘చాల’, ‘భారీ’ అను పరిమాణవిశేషణములే దీనికి తగినవి. ‘టేక్’, ‘క్యాచ్’, ‘గెట్’, ‘ఫేస్’ అను క్రియలతో కూడినపుడు పడుటను, ‘డ్రా’ అను క్రియతో కూడినపుడు కొనితెచ్చుకొనుటను తెలుపును. భారతీయాంగ్ల పత్రికలకు ‘డ్రాస్ ఫ్లాక్’, ‘ఫేసెస్ ఫ్లాక్’ అను శీర్షికలు మిక్కిలి ప్రియములు; అక్షరములు తక్కువ, ఘాటు ఎక్కువ, తిట్టినవాని పేరు చెప్పవలసిన పని లేదు. ఈ మూడవ గుణమే పాఠకునకు ప్రమాదకరము. ఒక మంత్రి మాటకు ఇరువురు ఆక్షేపణ తెలిపినను, ఇరువదివేలమంది వీధికెక్కినను శీర్షిక ఒక్కటే. అమెరికాలో ఈ పదమునకే చివర ‘సి’ అను అక్షరమును చేర్చి వ్రాయు రూపాంతరము కలదు. కాని ఆ వర్ణక్రమము గల మరియొక మాట, సినిమాలకు ప్రముఖులకు ప్రచారము చేసిపెట్టు ఉద్యోగిని తెల్పునది, 1930ల దశకమునుండియే వాడుకలో నున్నది. శ్రద్ధగల సంపాదకులు ఈ రెంటిని కలుపక వేరుగానే వ్రాయుదురు.

సమీపార్థకపదములతో పోల్చినచో దీని పరిధి ఇంకను తేటపడును. ‘బ్రిక్‌బ్యాట్’ అనగా విసరుటకు చేతికందిన ఇటుకముక్క. విమర్శార్థమున దానిని లెక్కింపవచ్చును, విసరినవానిని వేలుపెట్టి చూపవచ్చును. బ్రిటిషువారి ‘స్టిక్’ చనువుగలవారి ఎత్తిపొడుపులకును చెల్లును. ‘ప్యాన్’ అను క్రియ నాటకములను, సినిమాలను సమీక్షకులు చీల్చిచెండాడుటకే ప్రత్యేకించినది. ‘సెన్షర్’ అధికారసంస్థ తీర్మానపూర్వకముగా చేయు అభిశంసన. అది ఫ్లాక్ కానేరదు.

తెలుగునందు ఈ అర్థమునకు మాటల కొరత లేదు. ఏ మాట ఎక్కడ తగునన్నదే ఆలోచింపదగినది. మన పత్రికలయందు ధ్వజమెత్తుట, దుయ్యబట్టుట, మండిపడుట, విరుచుకుపడుట, నిప్పులు చెరుగుట, దుమ్మెత్తిపోయుట అను క్రియలు దినదినము వినియోగమగుచున్నవి. ఇవన్నియు తిట్టినవానిని కర్తగా కోరును. కావున తిట్లు తిన్నవానిని మాత్రమే చూపు ఆంగ్లశీర్షికకు ఇవి సరిపోవు. అక్షింతలు, చీవాట్లు, మొట్టికాయలు పైవాడు క్రిందివానికి వేయునవి. హైకోర్టు అధికారులకు మొట్టికాయలు వేయును గాని ప్రజలు హైకోర్టునకు వేయరు. తూర్పారబట్టుట అను మాట మిక్కిలి సొగసైనది. కళ్లమున రైతు చేటను ఎత్తిపట్టి గాలివాలున గింజలను జారవిడిచినపుడు తాలు ఎగిరిపోయి గట్టిగింజ నిలుచును. అట్లు సారమును నిస్సారమును వేరుచేయు ఖండనమునకే ఆ మాట తగును. నేడు పత్రికలు దానిని ఎల్లవిధములగు తిట్లకును వాడుచుండుట విచారకరము, ఏలయన ఫ్లాక్‌లో లేనిది ఆ వేరుచేయుటయే.

ఫ్లాక్‌నకు సన్నిహితములైనవి విమర్శలపాలగుట, విమర్శలు వెల్లువెత్తుట, విమర్శలు మూటగట్టుకొనుట అను పలుకుబడులు. మొదటిది ‘ఫేసెస్ ఫ్లాక్’ అను శీర్షికకు అచ్చముగా సరిపోవును. మూడవదానియందు స్వయంకృతాపరాధధ్వని యుండుటచే ‘డ్రాస్ ఫ్లాక్’ అను దానికి చెల్లును. అన్నింటికంటె చిన్నదియు, ఇంటింట వినబడునదియు అగు ‘మాటలు పడుట’ ఆంగ్లపదపు ఆంతర్యమునకు మిక్కిలి చేరువ. ‘ఆయన చేసిన పనికి మేము మాటలు పడుచున్నాము’ అని చెప్పునపుడు ఎవరనిరో చెప్పము, అవి న్యాయమో కాదో చెప్పము, పడినవారి భారమే చెప్పుదుము. టామ్ వుల్ఫ్ వర్ణించిన ఉద్యోగి తెలుగువాడైనచో ఈ మాటయే అనెడివాడు.

ఆంగ్లవార్తలను తెలుగు చేయు ఉపసంపాదకులకు ఇందుమూలముగా ఒక మనవి. ఏజెన్సీ వార్తలో ఈ పదము కనబడినపుడు ‘తీవ్రవిమర్శలపాలు’ అని శీర్షిక పెట్టి ఊరకొనక, ఆక్షేపించినవారెవరో, వారెందరో, వారి అభ్యంతరమేమో వార్తలోని మొదటి రెండు వాక్యములలోనే చెప్పుడు; మూలమున ఆ వివరములు లేనియెడల శీర్షికనుండి ‘తీవ్ర’ అను విశేషణమును తొలగింపుడు.